రెండొందల ఎనిమిది మంది సాక్షులు

యూనివర్సిటీ లైబ్రేరియన్ని అందరూ చాటుగా భూతద్దం అంటారు. ప్రమోషన్ ఫైలు ఏదొచ్చినా, ఆ మనిషి పరిశోధనను ఎవరెవరు తమ వ్యాసాల్లో ఉదహరించారో లెక్క తేల్చి, అది నిజమా నకిలీయా అని రాయాల్సింది ఆవిడే. ఆవిడ సరేనంటే తప్ప ప్రొఫెసర్ పోస్టు దక్కదు.

ఈసారి వచ్చింది మట్టి శాస్త్రం టీచరమ్మ ఫైలు. వచ్చే ఏడు రిటైర్మెంటు కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. రాసినవి పదకొండు వ్యాసాలు. పదింటిని పట్టించుకున్న నాథుడు లేడు. ఎండే మట్టి ఎలా పగులుతుందో చెప్పిన పదకొండోదాన్ని మాత్రం రెండొందల ఎనిమిది మంది ఉదహరించారు. అందులో మట్టివాళ్లు నలుగురే. మిగతా అంతా పళ్ల డాక్టర్లు, వంతెనల ఇంజినీర్లు, పాత చిత్రపటాలు బాగుచేసేవాళ్లు.

"పళ్ల డాక్టర్లకి మట్టితో ఏం పనే?" అని చెల్లెలికి ఫోన్ చేసి మరీ అడిగింది భూతద్దం.

"నీకు అందరూ దొంగలే అక్కా," అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

అనుమానం కుదురుగా కూర్చోనివ్వలేదు. మూడు రోజులు ఆ వ్యాసాలన్నీ తెప్పించి, ఉదహరించినవాటి జాబితా ఉండే చివరి పేజీలు తిరగేసింది. టీచరమ్మ వ్యాసం పత్రికలో నలభై ఒకటో పేజీలో మొదలవుతుంది. మట్టివాళ్లు నలుగురూ సరిగ్గానే వేశారు. మిగతా రెండొందల నలుగురూ పద్నాలుగు అని వేశారు. ఒక్కరు వేస్తే పొరపాటు, ఇంతమంది వేస్తే ముఠా కాక మరేమిటి? దొరికింది దొంగ అనుకుని టీచరమ్మను పిలిపించింది.

"ఇవన్నీ ఎవరిచేత రాయించారో చెప్పేస్తే మీకే మంచిది," అంది.

టీచరమ్మ గోళ్లలో ఇంకా మట్టి ఉంది. కాగితాలు ఒక్కొక్కటే చూసింది. ఆమె ముఖం వాడిపోయింది.

"తేదీలు చూశారా మేడమ్? ముందు ఒక పళ్ల డాక్టరు తప్పు వేశాడు. మిగతావాళ్లంతా ఆయన్ని చూసి దించేశారు. ఒక్కరూ నా పేపర్ తెరవలేదు. నేనేమో మా ఆయన దగ్గర ఎంత గొప్పలు పోయానో!"

"మీరు చెప్తే నమ్మేయాలా?"

"నమ్మకండి. అందులో ఏం రాశానో మీకు తెలుసుగా?"

రెండొందల ఎనిమిది వ్యాసాలు తెప్పించిన మనిషి, ఈ ఒక్కటీ తెప్పించలేదు. సిగ్గుపడుతూ అప్పటికప్పుడు తెప్పించి చదివింది. నాలుగే పేజీలు.

"ఈ సూత్రం మెత్తటి మట్టికే, పన్ను, రాయి లాంటి గట్టివాటికి వాడకూడదు అని చివర్లో రాశారు కదండీ!"

"రాశాను. మట్టివాళ్లు కాక, అక్కడిదాకా వచ్చింది మీరొక్కరే."

"ఇది నకిలీ కాదు. మొత్తం రెండొందల ఎనిమిదీ వేసేస్తాను."

"వద్దు. నలుగురనే వేయండి."

"నలుగురే అంటే పోస్టు రాదండీ."

"తెలుసు. కానీ నా పేరు చెప్పి ఎవరి పన్నో పాడుచేస్తుంటే, దాన్ని నా గొప్ప కింద వేసుకోమంటారా?"

ఆమె వెళ్లిపోయింది. భూతద్దం కాగితం మీద నాలుగు అని వేసి, సంతకం పెట్టలేక ఆగింది. ఇన్నేళ్లలో తాను తేల్చిన ఫైళ్లలో ఏ ఒక్కరి వ్యాసమైనా చదివిందా అని గుర్తుచేసుకోబోయింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు.