ఇంజను మీద సాసరు

మూడు నెలలుగా జులేఖాబీ భర్తకు సగం కప్పే చాయ్ పోస్తోంది. "పాలకు కరువొచ్చిందా? నిండ పొయ్యి" అని లతీఫుద్దీన్ రోజూ కసురుతాడు. నిండా పోస్తే, సాసర్‌లోకి ఒంపుకునేటప్పుడు సగం లుంగీ మీద పడుతుంది. కుడిచెయ్యి వణుకుతోందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. డాక్టరు మాటెత్తితే మాత్రం "చలికి" అంటాడు. జగిత్యాలలో అది మే నెల.

ఆ పొద్దున ఇంటి ముందరి మెకానిక్ షెడ్డులోకి రెండు పెద్ద కార్లు వచ్చి ఆగాయి. కోరుట్ల కాంట్రాక్టరు కరుణాకర్ ఆ రెండింటిలో ఒకటి కొనాలి. అతని భార్య కవితకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ తీసుకుపోవాలి, బండి కొంచెం అదిరినా తట్టుకోలేదు. లతీఫుద్దీన్ షార్జా గ్యారేజీలో ఇరవై రెండేళ్లు ఇలాంటి బండ్లే చూశాడు. ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి ఏం చెబితే అదే ఖాయం. ఆ చెయ్యి సంగతి బయటపడితే రేపు షెడ్డుకు ఎవరొస్తారు?

"చాచా, రెండిట్ల ఆరు సిలిండర్లే గద. ఫరకేంది?" అన్నాడు కరుణాకర్.

"నిలబడుట్ల ఉన్నది ఫరక్. గిది లైన్ సిక్స్. ఆరూ ఒకటే వరుస. ముందటి మూడు ఇంజన్ను గిటు ఊపితె, ఎనుకటి మూడు గటు ఊపుతయ్. ఊపుకు ఊపు సరి. గది వీ సిక్స్. మూడు గీ దిక్కు, మూడు గా దిక్కు ఏటవాలుగ. జాగ కలిసొస్తది గని ఊపు మిగుల్తది. దాన్ని ఆపనీకి ఇంకో షాఫ్టు, మంచి రబ్బరు మౌంటింగులు కావాలె."

"మా బామ్మర్ది ఫోన్‌ల చూసి ఫ్లాట్ సిక్స్ తీసుకో బావా అంటున్నడు."

"గది పండుకున్న ఇంజను. పిస్టన్లు ఎదురెదురుగ గుద్దుకున్నట్టు ఆడుతయ్, గందుకే శానా మెత్తగ నడుస్తది. గని ధర మండుతది. కొనిచ్చేది బామ్మర్దేనా?"

కరుణాకర్ పకపకా నవ్వాడు. చాయ్ ట్రేతో గడపలో నిలబడ్డ జులేఖాబీకి నవ్వు రాలేదు. మాట్లాడినంతసేపూ ఆయన కుడిచెయ్యి జేబులోనే ఉంది.

బండ్లు తెచ్చిన డ్రైవర్లతో రెండు ఇంజన్లూ స్టార్టు చేయించి, పైన ఉన్న ప్లాస్టిక్ మూతలు తీయించాడు. ముందు వీ సిక్స్ మీద చెయ్యి పెట్టి తలూపాడు. తర్వాత లైన్ సిక్స్ మీద పెట్టాడు. ఎంతకీ తీయలేదు. నుదురు ముడిపడింది.

"దీన్ల సుత వణుకున్నది. లోపల ఏదో పోయింది. గీ బండి వద్దు కరుణాకర్."

జులేఖాబీ ఆయన వేళ్ల వంక చూసింది. ఇంజను చప్పుడు ఒక్కతీరుగా, కుట్టుమిషను నడిచినట్టుంది. వణుకు ఇంజనుది కాదు. ఊరుకుంటే ఇవాళ్టికి పరువు నిలుస్తుంది. కానీ కవిత ప్రతి ప్రయాణంలో నడుము పట్టుకుని ఏడుస్తుంది. చెబితే ఇంతమందిలో మొగుడి చెయ్యి విరిచినట్టే.

ఇదివరకు ఈ షెడ్డులో చెయ్యి పెట్టాక సాసర్‌లో చాయ్ పోసి ఇంజను మీద పెట్టేవాడు. చాయ్ కదలకుంటే బండి కొనేవాళ్లకు చూపించి, అదే చాయ్ తాగేవాడు. మూడు నెలల కింద ఆ పని మానేశాడు.

ఆమె సాసర్ నిండా చాయ్ పోసింది. ముందుకు నడిచింది.

"సాసర్ మరిచిపోయిన్రు" అని మెల్లగా అంటూ లైన్ సిక్స్ మీద పెట్టింది.

చాయ్ మీద చిన్న ముడత కూడా రాలేదు. షెడ్డు రేకులు అందులో నిలకడగా కనబడుతున్నాయి. సాసర్ తీసి వీ సిక్స్ మీద పెట్టింది. అంచు నుంచి సన్నని అలలు లేచాయి.

లతీఫుద్దీన్ చెయ్యి పైకెత్తాడు. గాలిలో కూడా అది వణుకుతూనే ఉంది. కరుణాకర్ చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"గటు దిక్కు చూస్తవేంది? ఇటే చూడు" అన్నాడు లతీఫుద్దీన్. "వణికేది ఇంజను కాదు, నా చెయ్యి. లైన్ సిక్సే తీస్కో. కవిత బిడ్డ సుఖంగ పోతది."

"చాచా, కరీంనగర్‌ల మంచి డాక్టరున్నడు..."

"ముందు నీ బండి తీస్కపో."

కార్లు పోయాక షెడ్డు బోసిగా మిగిలింది. జులేఖాబీ ఆయన ముఖం చూడలేక కెటిల్ అందుకుని కప్పులోకి వంచింది. నిండా పొయ్యమని కసురుతాడని ఎదురుచూస్తోంది.

"చాలు" అన్నాడాయన. "సగమే పొయ్యి."