పరుపుల కొట్టులో పగటి కునుకు

మనిషి పరుపు మీద ఎలా పడుకుంటాడో చూస్తే చాలు, వాడి గుణమేమిటో నాకు తెలిసిపోతుంది. పరుపుల కొట్టు పెట్టినప్పటి నుంచీ నాకిదే పని. కొనడానికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, మొహమాటపడుతూ పరుపు మీద వాలతారు. అంచున ముడుచుకునేవాడు పిరికివాడు. నడిమధ్యలో చేతులు బార్లా చాపేవాడు స్వార్థపరుడు. పడుకుని కూడా చేతిసంచీ వదలని ఆవిడ ఎవర్నీ నమ్మదు. ఇన్నేళ్ళలో నా అంచనా ఒక్కసారైనా తప్పిందా అంటే, తప్పిందని చెప్పడానికి వాళ్ళు మళ్ళీ రావాలి కదా! పరుపు కొన్నవాడు ఏళ్ళ తరబడి మొహం చూపించడు.

మా ఆవిడ మాత్రం ఇదంతా ఒట్టి మాట అంటుంది.

"మరి మీరు బోర్లా పడుకుంటారు. దానికేమిటి అర్థం?"

"వెల్లకిలా పడుకుంటే నాకు గురకొస్తుంది. అది వేరే సంగతి."

"ఓహో! అందరూ పడుకునేది గుణాన్ని బట్టి, మీరు పడుకునేది గురకని బట్టీనా?"

ఆవిడతో వాదన పెట్టుకుని గెలిచినవాడు లేడు. 

మాకు ఒక్కతే అమ్మాయి. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడ కిటికీకి పగిలిన అద్దం మార్చడానికి ఒక అబ్బాయి వచ్చాడట. అద్దం బిగించి తన దారిన తాను పోక, మా అమ్మాయితో మాట కలిపాడు. అలా కలిసిన మాట పెళ్ళి దాకా వచ్చింది. అమ్మాయి ఒకరోజు అన్నం తింటూ చెప్పింది.

"చేసుకుంటే అతన్నే చేసుకుంటాను నాన్నా. కానీ నువ్వు సరే అనందే చేసుకోను."

ఆ రెండో మాటే నా మెడకు చుట్టుకుంది. నేను కాదంటే అది జన్మంతా అలాగే ఉండిపోగలదు. దానిది అంత మొండితనం. నాకూ ఉందనుకోండి, కాకపోతే నాదాన్ని పట్టుదల అంటారు.

ఆ అద్దాలబ్బాయిని కొట్టుకి రమ్మన్నాను. వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వేళ్ళ నిండా గాజు గీసుకున్న గాట్లు. మంచినీళ్ళిచ్చి, "ఆ పరుపు మీద ఒకసారి పడుకో" అన్నాను. ఎందుకని కూడా అడక్కుండా పడుకున్నాడు. నేను మొదటి ప్రశ్న కోసం గొంతు సవరించుకునేలోపే నిద్రపోయాడు! పిల్లనివ్వాల్సిన మామ ఎదురుగా నిలబడి ఉంటే నోరు తెరుచుకుని నిద్ర! నాకు ఒళ్ళు మండిపోయింది. బద్ధకస్తుడు, పెద్దలంటే లెక్కలేనివాడు అని అక్కడికక్కడే తేల్చేశాను. భుజం తట్టి లేపి పంపించేశాను. ఎందుకు నిద్రపోయావని అడగలేదు. కళ్ళెదుట కనిపిస్తుంటే అడగడానికేముంది?

ఈ సంబంధం కుదరదని మొహమ్మీదే చెప్పేద్దామని ఇవాళ మధ్యాహ్నం అతన్ని మళ్ళీ రమ్మన్నాను. సాయంత్రం పని అయిపోయాక అమ్మాయి కూడా నేరుగా కొట్టుకే వస్తానంది. ఇక నిన్న రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు. అటు దొర్లాను, ఇటు దొర్లాను. పొద్దున్నే మా ఆవిడ, "పరుపు సరిగ్గా లేకపోతే మార్చండి, మనకి తెలిసిన కొట్టే కదా" అంది.

మధ్యాహ్నానికి వీధి సద్దుమణిగింది. కొట్టు ముందరి పెద్ద అద్దంలోంచి ఎండ లోపలికి వచ్చి తెల్లటి పరుపుల మీద పరుచుకుంది. ఎండలో దూదిపోగులు తేలుతున్నాయి, కిందికి దిగాలన్న తొందరేమీ లేకుండా. ఫ్యాను ఒకే పాట పాడుతోంది. అతనొచ్చేలోగా నడుం వాలుద్దామని తలుపు దగ్గర పరుపు మీద ఒరిగాను. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి.

కొట్టు పెద్దదైపోయింది. గోడలు ఎటో వెళ్ళిపోయాయి. కనుచూపు మేర పరుపులే. మా అమ్మాయి, చిన్నప్పటి గౌనులో, ఒక పరుపు మీంచి ఇంకో పరుపు మీదికి గెంతుతోంది. నిజంగానే అలా గెంతేది, బడి వదిలాక ఇక్కడికొచ్చి, నేల తగిలితే ఓడిపోయినట్టు. గెంతిన ప్రతిసారీ గాలిలో కాస్త ఎక్కువసేపు ఉంటోంది. ప్రతిసారీ కాస్త దూరంలో దిగుతోంది. "చాలమ్మా, ఇటు రా" అందామంటే నోరు పెగలడం లేదు. అది నవ్వుతూనే దూరమైపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఎక్కడో తలుపు తెరుచుకున్న చప్పుడు. కల చెదిరింది కానీ ఒళ్ళు లేవలేదు. చెవులు మాత్రం మేలుకున్నాయి.

"ఏమండీ, ఎవరో పడిపోయి ఉన్నాడు!" ఒకావిడ గొంతు.

"పడిపోలేదే, పడుకున్నాడు. కొట్టు యజమానేమో." ఒకాయన గొంతు.

"పట్టపగలు, కొట్టు తెరిచి పెట్టుకునా? తాగి ఉంటాడు."

"వాసన రావట్లేదుగా. బేరాల్లేవేమో పాపం."

"యజమానే ఇంత బద్ధకస్తుడైతే బేరాలెక్కణ్ణుంచి వస్తాయి? మనిషిని చూస్తేనే తెలుస్తోంది."

నాలో నేను భగ్గుమన్నాను. ఏం తెలుస్తోందమ్మా నీకు? రాత్రంతా నేను పడ్డ అవస్థ నీకు తెలుసా? మా అమ్మాయి సంగతి తెలుసా? అని అరుద్దామంటే నాలుక కదిలితే కదా! మనసులోనే మూడుసార్లు లేచి నిలబడ్డాను. ఒళ్ళు పరుపుకి కుట్టేసినట్టు కదలలేదు.

మళ్ళీ తలుపు చప్పుడైంది. అడుగులు వచ్చి నా పక్కనే ఆగాయి.

"ఇదిగో అబ్బాయ్, నువ్విక్కడ పనిచేస్తావా?" అంది ఆవిడ.

"లేదండీ. ఆయన్ని కలవడానికొచ్చాను."

అద్దాలబ్బాయి. సరిగ్గా ఇప్పుడే రావాలా!

"ఈయనెప్పుడూ ఇంతేనా?"

 వాడికి ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా? ఒక్క మాట అంటే చాలు, నా పరువు గంగలో కలుస్తుంది.

"తెలీదండీ," అన్నాడు. "నేనాయన్ని ఒక్కసారే చూశాను."

ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఆవిడ ఏదో గొణిగింది, ఇద్దరి అడుగులూ బయటికి వెళ్ళిపోయాయి. ముక్కు మీదికి జారిన నా కళ్ళజోడుని ఎవరో మెల్లగా తీశారు. మళ్ళీ ఎండ, ఫ్యాను పాట, దూదిపోగులు. ఒక్కసారే చూశాను. నేనూ వాడిని ఒక్కసారే చూశాను కదా అనుకుంటూ మళ్ళీ నిద్రలోకి జారిపోయాను.

మెలకువ వచ్చేసరికి ఎండ ఎదురుగోడకి ఎక్కింది. కళ్ళజోడు పక్కనే దిండు మీద ఉంది. పెట్టుకుని చూద్దును కదా, బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని అద్దాలబ్బాయి నిద్రపోతున్నాడు!

"ఏమయ్యా!"

ఉలిక్కిపడి లేచాడు. మొహం పాలిపోయింది.

"క్షమించండి. మళ్ళీ..."

తిట్టడానికి నోటిదాకా వచ్చింది. కానీ ఇందాకటి ఆవిడ గొంతు నా చెవిలోనే ఉంది. అందుకని మొన్న అడగనిది ఇవాళ అడిగాను.

"ఎందుకు నిద్రపోతావు నువ్వు?"

వాడు నేల చూపులు చూశాడు.

"భయమండీ. బాగా భయమేస్తే నాకు నిద్రొచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. బళ్ళో పరీక్షల్లో కూడా పడుకునేవాణ్ణి. మీరు కాదంటారేమోనని..."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. లెక్కలేనివాడనుకున్నాను. పెద్దలంటే ఇంత లెక్కున్నవాణ్ణి నా జన్మలో చూడలేదు.

"నాకు దీనికి తలకిందులు," అన్నాను. "భయమేస్తే అసలు నిద్ర పట్టదు. రాత్రి అస్సలు పట్టలేదు."

"మీకేం భయమండీ?"

ఇదివరకు ఎవరూ అడగలేదు ఆ మాట. మా ఆవిడ కూడా పరుపునే అంది. నన్ను నేనూ అడగలేదు. వాడి బద్ధకం గురించే రాత్రంతా ఆలోచిస్తున్నాననుకున్నాను.

"అమ్మాయి వెళ్ళిపోతుందని," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది.

"ఎక్కడికండీ? మా ఇల్లు రెండు వీధుల అవతలే కదా."

"రెండు వీధులైనా వెళ్ళడం వెళ్ళడమేనయ్యా."

వాడు తలూపాడు. 

తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. పరుపు మీద నలిగిన చొక్కాతో నేను, స్టూలు మీద రేగిన జుట్టుతో వాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నా కళ్ళు తడిగా ఉండటం చూసి దాని మొహం వాడిపోయింది.

"కాదన్నావా నాన్నా?"

దాన్ననేదేముంది? నా కూతురే కదా.

"చూసి తేల్చేస్తావేమే? అడుగు, చెప్తాను," అన్నాను. "ఇతన్ని నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నిద్రపోయాడు. మెలకువగా ఉన్నప్పుడు ఎలా ఉంటాడో నీకు తెలుసు, నాకు తెలీదు. నీ మాట మీద సరే అంటున్నాను."

అది గబగబా నా దగ్గరికి రాబోయింది. మధ్యలో పరుపొకటి అడ్డంగా ఉంది. చుట్టూ తిరిగి రాకుండా, చెప్పులు విడిచి, దాని మీంచి నా వైపుకి ఒక్క గెంతు గెంతింది.