వసంత కత్తి

రెండువేల సంవత్సరం, జనవరి. తేదీ మారగానే ఆగిపోతాయనుకున్న కంప్యూటర్లేవీ ఆగిపోలేదు గానీ, వాటిని సరిచేసే శ్రీపతి కాంట్రాక్టు మాత్రం ముగిసింది. ఏడాదిగా ఆఫీసులోనే గడిపినవాడు ఇప్పుడు పరాయి దేశంలో, పెండిల్ హిల్‌లోని ఇంట్లో ఏ పనీ లేక, పెరటి షెడ్డు బాగుచేద్దామనుకున్నాడు. దాని తలుపు బిగుసుకుపోయింది. భార్య వసంత పొద్దున కత్తిసాము సాధన చేసి వరండాలో పెట్టిన కత్తి కనిపిస్తే, సందులో దూర్చి మీటాడు. తలుపు తెరుచుకుంది. కత్తి వంగింది.

అది విజయనగరంలో కత్తిసాము నేర్పే వసంత తండ్రి ఆమెకిచ్చిన కత్తి. శనివారం తెలుగువాళ్ల సభలో ఆమె ప్రదర్శన.

వంపు తీద్దామని శ్రీపతి సుత్తి ఎత్తగానే, పక్కింటి సయీద్ కంచె మీంచి కేకేశాడు. ఆయనది హైదరాబాద్, కార్ల షెడ్డులో పని.

"ఆగు భాయ్! కొడితే సొట్టలు పడతయ్."

"పోనీ, గ్యాస్ మీద వేడి చేస్తే?"

"ఉక్కు మెత్తబడతది. అసలొద్దు."

సయీద్ వస్తువుల్ని బిగించిపట్టే తన వైస్ తెచ్చి బల్లకు బిగించాడు. రెండు చెక్కముక్కల మధ్య కత్తిని పట్టించి, మొనకు తువ్వాలు చుట్టి కొద్దికొద్దిగా లాగారు. వదిలితే మళ్లీ కొంత వెనక్కి వచ్చేది. మళ్లీ లాగేవారు. గంటలో వంపు చాలావరకు పోయింది.

అంతలో వసంత వచ్చింది. ఆఫీసులో హాఫ్ డే ఇచ్చారట.

"నేనే వంచేశాను. తలుపు తెరవబోయి," అన్నాడు శ్రీపతి.

ఆమె వైస్‌లోంచి కత్తి తీసుకుంది. పిడి కంటి దగ్గర పెట్టుకుని మొన దాకా చూసింది.

"మెలి కూడా పడింది."

"అది తియ్యడం నాకు రాదమ్మా," అన్నాడు సయీద్.

"నాకొచ్చు అన్నా. వైస్ కదలకుండా పట్టుకోండి." కత్తిని మళ్లీ వైస్‌లో బిగించి, పైభాగానికి చెరోవైపు చెక్క వేసి, ఆ చెక్కల్ని రెండు చేతులా బిగించి నెమ్మదిగా తిప్పింది. "పదేళ్లప్పుడు ఓ కత్తి రాతికి కొట్టి వంచీసేను. మా నాన్న తిట్టలేదు, సరిచెయ్యడం నేర్పేరు."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు శ్రీపతి.

"ఎప్పుడేనా అడిగేరా?"

పెళ్లయి రెండేళ్లయినా శ్రీపతి ఆమె సాధన ఒక్కసారీ చూడలేదు.

సయీద్ వెళ్లాక వసంత కొంగు దోపుకుని గడ్డిలోకి దిగింది. శ్రీపతి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేతిలో కత్తి గిరగిరా తిరుగుతుంటే, చెయ్యేదో కత్తేదో తెలియలేదు. ఆయాసంతో ఆగి, "కొస దగ్గర కాస్త వంకర మిగిలింది. పర్లేదు," అంది.

"కత్తిసాము ఇంకోసారి చేసి చూపిస్తావా?" అని అడిగాడతను.