విల్మా డిరీన్ వేలిగోళ్ళు

ఏప్రిల్ వానలు పట్టుకున్నాయంటే విల్మా డిరీన్‌కి శనివారాలు తీరిక ఉండదు. పొద్దున్నే పొయ్యిలో కట్టెలు ఎగదోసి, కోళ్ళకి గింజలు చల్లి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటుంది. గోళ్ళు మాత్రం మూడోసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుకుంటుంది. తొమ్మిదయ్యేసరికి ఊరి హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. కుడిచేతి పక్కన టీ కప్పు. ఎదురుగా వరస.

వరసలో నిలబడేవాళ్ళ చేతుల్లో గుడ్ల అట్టలు, ఐస్‌క్రీం డబ్బాలు, వాటి నిండా పుట్టగొడుగులు. మనిషి మనసుని కాసేపు ఎక్కడెక్కడికో తిప్పి తీసుకొచ్చే రకాలవి. భూగోళం దక్షిణపు కొసన, ఋతువులు తలకిందులుగా వచ్చే హ్యూవాన్ లోయలో వాటి మీద మోజున్నవాళ్ళు ముప్పైమంది దాకా ఉంటారు. పెంచకూడదని చట్టం. అందుకని ఎవరూ పెంచరు. పెరట్లో చెక్కపొట్టు పరుచుకుంటారు, అంతే. దాంట్లో ఏం మొలిచిందన్నది వానకీ దేవుడికీ మధ్య సంగతి. మొలిచినదాని పేరు తెలుసుకోవడం నేరమని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

విల్మా ఒక్కో పుట్టగొడుగునీ ఎడమ అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూస్తుంది. టీ రెండు గుక్కలు తాగుతుంది. పిడికిలి తెరిచేసరికి అయిదు గోళ్ళూ ఆ పుట్టగొడుగు బీజాల పొడి రంగుకి తిరిగి ఉంటాయి. కొన్నిటికి తెలుపు, కొన్నిటికి గులాబీ, కొన్నిటికి నేరేడుపండు రంగు. గోళ్ళు చూసుకుని ఆమె పేరు చెబుతుంది. వాళ్ళు డబ్బా మీద రాసుకుంటారు. ఆమె తడిగుడ్డతో గోళ్ళు తుడుచుకుని ఇంకోదాన్ని అందుకుంటుంది.

ఆమె కాకపోతే కాగితం మీద గొడుగు బోర్లించి, పొడి రాలేదాకా రాత్రంతా కాచుకోవాలి. విల్మా దగ్గరైతే రెండు గుక్కల టీ చాలు. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన తేడా అంతే. ఒకసారి మేనకోడలి పెళ్ళికని గోళ్ళరంగు కొనబోతే మందుల షాపావిడ, "డబ్బు దండగ ఎందుకు విల్మా! పచ్చికలోంచి ఏదన్నా గులాబీది ఏరుకో, సరిపోతుంది" అని పంపించేసింది.

అంతకుముందు విల్మా ప్యాకింగ్ షెడ్డులో ఆపిళ్ళు ఏరేది. బెల్టు మీద పరిగెత్తే కాయల్లో స్టర్మర్ రకం ఏదో, డెమొక్రాట్ రకం ఏదో, లోపల పురుగున్నది ఏదో చెయ్యి ఆపకుండా చెప్పేది. షెడ్డు మూతబడ్డాక చేతులకి పని లేక వానల్లో అడవి పట్టింది. పద్నాలుగో ఏట బడి మానేసిన మనిషికి అన్ని లాటిన్ పేర్లు ఎలా నోటికొచ్చాయని కొత్తవాళ్ళు అడిగేవారు. "ఆపిళ్ళకి లేవా పేర్లు? ఇవీ అలాంటివే" అనేది.

మే మొదటి శనివారం క్రెయిగ్ గ్లీసన్ రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు. క్రెయిగ్ స్కూలు బస్సు నడుపుతాడు. వాళ్ళ పెరటి మడి అంటే లోయంతా పేరు. అందులో మొలిచేవి అక్కడివాళ్ళు ముద్దుగా సబ్ అని పిలుచుకునే రకం. తేనెరంగు గొడుగు, నలిపితే నీలంగా కములుతుంది. తన మడిలోవి కల్తీ లేనివని, వాటిని 'గ్లీసన్ రకం' అనాలని అతని పట్టు.

విల్మా మొదటి డబ్బాలోది పిడికిట్లో మూసి తెరిచింది. నేరేడు రంగు. రెండో డబ్బాలోది మూసి తెరిచింది. చెయ్యి కిటికీ వైపు పెట్టి అటూ ఇటూ తిప్పింది. టీ ఇంకో గుక్క తాగి మళ్ళీ మూసి తెరిచింది.

"క్రెయిగ్, ఇవి రెండు జాతులు."

"రెండేంటి? పదకొండేళ్ళ కింద మా నాన్న పొలంలో వాగు పక్కన ఒక్కచోట తవ్వి తెచ్చుకున్న మడి అది. నా పిల్లల్ని నేను గుర్తుపట్టలేనా?"

"అందరూ ఒక తల్లి పిల్లలు కారు. అక్కచెల్లెళ్ళ పిల్లలు. దగ్గరివాళ్ళే, కాదనను. కానీ ఇంటిపేరు వేరు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. క్రెయిగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మామూలు సబ్‌కి ముదురు ఊదా వస్తుంది. దీనికి చూడు, వానమబ్బు రంగు," అంది విల్మా. "ఇలా వెలుగులోకి రా, తెలుస్తుంది."

"నాకు రెండూ ఒకటే. పుస్తకంలో ఒకటే జాతి అని రాశారు. ముగ్గురు ప్రొఫెసర్లు రాశారు. పదేళ్ళ కింద ఇలాంటివే నువ్వు యూనివర్సిటీకి పంపావుగా, జవాబు ఉత్తరంలో ఏమన్నారు? తేడా లేదు అని ఒక్క ముక్క రాసి పడేశారు, అవునా? నలభై ఏళ్ళు ఆపిళ్ళు ఏరినంత మాత్రాన ప్రొఫెసర్‌వి అయిపోతావా?"

ఆ ఉత్తరం సంగతి విల్మా ఎవరికీ చెప్పుకోలేదు, ఒక్క రోండాకి తప్ప. రోండా అంటే క్రెయిగ్ పెళ్ళామే. షెడ్డులో విల్మా పక్కనే నిలబడి ఆపిళ్ళు ఏరిన మనిషి.

విల్మా గోళ్ళు తుడుచుకుంది. కప్పు కడిగి బోర్లించింది. కోటు తొడుక్కుంది.

"నలభై కాదు, నలభై ఒకటి," అని వెళ్ళిపోయింది.

మూడు శనివారాలు హాల్లో కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. డబ్బాలు తెచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుని ఇళ్ళకి పోయారు. విల్మా మాత్రం ఆ గ్లీసన్ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కేది లేదని పొయ్యితోనూ కోళ్ళతోనూ చెప్పుకుంది.

నాలుగో శనివారం పదకొండింటికి రోండా వచ్చింది. చేతిలో సముద్రపు ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన రొట్టె, వేడివేడి స్కాలప్ పై. దాన్ని బల్ల మీద పెట్టి, విల్మా రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఇంకా ఎన్నాళ్ళే ఈ అలక? మా మొగుడికి ఇవాళ యాభై. రెండింటికి జనం వస్తున్నారు. నువ్వు రాకపోతే నాకు పండగ చేసినట్టుండదు."

"మీ ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన నోటి మీదే."

"ఆ నోటితో ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాను. నువ్వు ఒక్క పూట ఓర్చుకోలేవా?"

విల్మాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే చేతులు వెనక్కి తీసుకుని, ఎడమచెయ్యి చూసుకుంది. నవ్వు ఆగిపోయింది. అయిదు గోళ్ళూ తుప్పు పట్టిన మేకుల్లా ఉన్నాయి.

"రోండా. పొద్దుటి నుంచి ఏం ముట్టుకున్నావు?"

"ఏముంది, పిండి, వెన్న... క్రెయిగ్ ఎండబెట్టుకున్న ట్రేలు పక్కకి జరిపాను. రెండింటికి అందరికీ పంచుతాడట. ఏమే, అలా చూస్తావేం?"

ఆ రంగు విల్మా గోళ్ళకి అంతకుముందు రెండుసార్లే వచ్చింది. సబ్‌కి రాదు ఆ రంగు, గలెరీనా అనే విషపు పుట్టగొడుగుకి వస్తుంది. అదీ చెక్కపొట్టులోనే, సబ్‌ల మధ్యనే, అదే తేనెరంగు గొడుగుతో, అంతే ఎత్తున మొలుస్తుంది. తిన్నవాడికి మొదట ఏమీ తెలియదు. తర్వాత వాంతులు. ఆ తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది. ఈలోగా లోపల కాలేయం అయిపోతుంది.

విల్మా కోటు తొడుక్కుంది. పొయ్యితో చెప్పిన మాటా, కోళ్ళతో చెప్పిన మాటా గుర్తున్నాయి. అయినా గుండీలు పెట్టుకుంటూనే రోండా కారెక్కింది.

క్రెయిగ్ వరండాలో మాంసం కాల్చే ఇనుప చట్రం రుద్దుతున్నాడు. విల్మాని చూసి మొహమాటంగా లేచాడు. "వచ్చావా... రా, కూర్చో. బీరు తెమ్మంటావా?"

"ట్రేలు ఎక్కడ?"

"మళ్ళీ మొదలెట్టకు విల్మా. ఇవాళ నా పుట్టినరోజు."

విల్మా ఎడమచెయ్యి ఎత్తి అతని ముఖం ముందు పెట్టింది. "నీ పెళ్ళాం చెయ్యి పట్టుకుంటే వచ్చిన రంగిది. సబ్‌కి ఈ రంగు వస్తుందా? నువ్వే చెప్పు."

క్రెయిగ్ ఆ గోళ్ళు చూశాడు. అతనికి ఈసారి వెలుగు అక్కర్లేకపోయింది. బ్రష్ చేతిలోంచి జారిపడింది.

"ఎవరన్నా తిన్నారా?" అని అడిగింది విల్మా.

"లేదు... ఇంకా లేదు. రెండింటికని..."

వంటింటి బల్ల మీద నాలుగు ట్రేలు. నాలుగు వందలకి తక్కువ ఉండవు. ఎండిపోతే అన్నిటిదీ ఒకే ముడతల ముఖం. గోడ మీద గడియారంలో పన్నెండూ పది.

"రోండా, నా కుడివైపు నిలబడు," అంది విల్మా.

రోండా వచ్చి నిలబడింది. ఇద్దరూ చొక్కా చేతులు పైకి మడిచారు. రోండా ఒక్కొక్కటీ ముందుకి తోస్తోంది, విల్మా అందుకుని వదులుతోంది. ఆ రోజు టీ కావాల్సి రాలేదు. ముట్టుకున్న క్షణమే గోళ్ళు తిరుగుతున్నాయి. ఊదా, ఊదా, మబ్బు, ఊదా, మబ్బు, మబ్బు. ఉన్నట్టుండి తుప్పు. అది వెళ్ళి విడిగా సీసా మూతలో పడింది. మళ్ళీ ఊదా. ఇద్దరాడవాళ్ళూ మాట్లాడుకోలేదు. బెల్టు పరిగెడుతున్నప్పుడు మాట్లాడేవాళ్ళు కాదు కదా. క్రెయిగ్ గోడకి ఆనుకుని తన యాభై ఏళ్ళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

ఒకటిన్నరకి పని అయింది. సీసా మూతలో ఏడు ఉన్నాయి.

"ఏడు," అన్నాడు క్రెయిగ్. "వచ్చేది తొమ్మిదిమంది."

విల్మా ఆ ఏడింటినీ పొయ్యిలో వేసింది. "మిగతావీ ఎవరి నోటికీ వెళ్ళడానికి వీల్లేదు. ముక్కలు రాలి కలిసుంటాయి."

క్రెయిగ్ తలూపాడు. అప్పుడు బల్ల వైపు చూశాడు. గలెరీనాల కోసమే ఏరినా, చేతి అలవాటు కొద్దీ విల్మా మిగిలినవాటిని రెండు కుప్పలు చేసింది. అతను వంగి ఒక కుప్ప చూశాడు, ఇంకోటి చూశాడు. రెండో కుప్పలో ప్రతిదాని కాడ అడుగునా తెల్ల నూగు, చిన్నపిల్లల మేజోడు తొడిగినట్టు. మొదటి కుప్పలో ఒక్కదానికీ లేదు.

"పదకొండేళ్ళు రోజూ చూశాను విల్మా."

"చూశావు. ఏరలేదు."

రెండింటికి వచ్చినవాళ్ళకి స్కాలప్ పైలు, బీరు దొరికాయి. క్రెయిగ్ వరండా మెట్టెక్కి, ఆ రోజు వాళ్ళు ఏం తినబోయారో, ఎవరివల్ల తినలేదో దాచకుండా చెప్పాడు. హాల్లో తనన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరూ వచ్చి విల్మా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు. ఆమె గోళ్ళు ఆ సాయంత్రం ఎవరి చెయ్యి పట్టుకున్నా వట్టి గోళ్ళ రంగులోనే ఉన్నాయి. ఆమె మూడు పైలు తింది.

సోమవారం క్రెయిగ్ ఆ రెండు కుప్పల్నీ రెండు కవర్లలో పెట్టి, ఎండిన మొక్కల్నీ పుట్టగొడుగుల్నీ భద్రపరిచే నగరంలోని సంగ్రహాలయానికి తనే పట్టుకెళ్ళి ఇచ్చాడు. 'పెరట్లో వాటంతటవే మొలిచాయి. విడదీసినది విల్మా డిరీన్' అని కవర్ల మీద రాశాడు.

ఆగస్టు చివర, అక్కడి చలికాలం వదలక కొండల మీద ఇంకా మంచు ఉండగానే, అక్కణ్ణించి డాక్టర్ హెస్టర్ ఓస్బర్న్ అనే ఆవిడ వచ్చింది. విల్మా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ చెప్పింది.

"జన్యువులు చదివాం. రెండూ వేర్వేరు జాతులే. దగ్గరివే, కానీ కలవవు. పుస్తకం మార్చాలి. మీరెలా విడదీశారు?"

డాక్టర్ తెచ్చిన తునకని పిడికిట్లో మూసి తెరిచి విల్మా చూపించింది. డాక్టర్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆ గోళ్ళు చూసింది. "వానమబ్బు రంగు," అని నోటుబుక్కులో రాసుకుంది. "రెండోదానికి ఇంతవరకు పేరు లేదు. మీ ఇంటిపేరు మీద పెడదామనుకుంటున్నాం. మీకు అభ్యంతరం లేకపోతేనే."

రోండా, క్రెయిగ్ అక్కడే ఉన్నారు. "గ్లీసన్ అన్నది కూడా లాటిన్‌లో బానే..." అని క్రెయిగ్ అనబోతే బల్ల కింద రోండా కాలు తగిలింది.

విల్మా కాసేపు కిటికీలోంచి కోళ్ళ వైపు చూసింది.

"మొహమాటానికి వద్దనను," అంది. "పెట్టండి."

వెళ్ళబోతూ డాక్టర్ గుమ్మం దగ్గర ఆగింది. "మా దగ్గర ఎండిన పుట్టగొడుగుల పొట్లాలు ఆరువేలున్నాయి. సగం వాటికి పేర్లు లేవు. ఉన్నవాటిల్లో ఎన్ని సరైనవో తెలియదు. వారానికి రెండు రోజులు రాగలరా? జీతం ఉంటుంది."

"నాకు అరవై ఎనిమిది. బడి పద్నాలుగో ఏటే మానేశాను."

"ఏరడం మానలేదుగా."

సెప్టెంబరు రెండో మంగళవారం విల్మా ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకి వెళ్ళింది. సంగ్రహాలయం గదిలో కాగితం వాసన. తినేవీ తాగేవీ, టీతో సహా, అక్కడికి తీసుకురాకూడదు. మొదటి పొట్లం ఆమె అమ్మ పుట్టకముందుది. లోపల గోధుమరంగు తునక ఒకటి, చీటీ మీద పొందికైన దస్తూరీలో పేరు, కింద సర్ బిరుదున్న పెద్దమనిషి సంతకం.

విల్మా తునకని అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూసింది. చాలాసేపు కూర్చుంది. ఏమీ అవలేదు. ఇన్నేళ్ళు ఎండినదానికి ఇంకేం మిగిలుంటుందిలే అనుకుంది. అయినా మూసే ఉంచింది. కాసేపటికి చిటికెనవేలి గోరు చివర, చాలా దూరం నుంచి నడిచొచ్చినట్టు, రంగు కదిలింది. మెల్లగా అయిదు గోళ్ళూ నిండాయి. ఆమె చీటీ చదివింది. మళ్ళీ గోళ్ళు చూసుకుంది.

"డాక్టర్ ఓస్బర్న్, ఈయన చెప్పింది తప్పండీ."

డాక్టర్ ఒక ఖాళీ చీటీ, పెన్నూ, జిగురూ తెచ్చి ముందు పెట్టింది. పాతది చింపకూడదట. దాని కిందే కొత్తది అంటించాలి. చీటీ మీద ఒక గీత, గీత ముందు 'నిర్ధారించినవారు' అని అచ్చు.

విల్మా సరైన పేరు రాసింది. గీత మీద పొడి అక్షరాలతో సరిపెట్టకుండా, విల్మా మే డిరీన్ అని పూర్తిగా, నిదానంగా రాసింది. సర్ గారి సంతకం కింద చీటీ అంటించి బొటనవేలితో నొక్కిపట్టింది. జిగురు ఎప్పుడో ఆరిపోయింది. ఆమె ఇంకా కాసేపు నొక్కే ఉంచింది.