ఆయ్ అన్న పాపానికి

సాయంత్రం ఏడున్నరకు సీరియల్ మొదలైతే వీరాయమ్మ ఇంట్లో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. అందులో చిన్నకోడలు అత్తగారి పాలల్లో రోజూ ఏదో మందు కలుపుతోంది. అది మొదలైనప్పటినుంచి వీరాయమ్మ తన కోడలు బేబి ఇచ్చే పాలను లైటు కింద పెట్టి చూసుకుని మరీ తాగేది.

"మీగడేనండి అత్తయ్యగారు, పురుగు కాదు," అని బేబి నవ్వేది.

"అచ్చం దానిలాగే నవ్వుతున్నావే," అని ఆవిడ టీవీకేసి చెయ్యి చూపించేది. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ రోజు పాలు కాస్త అడుగంటాయి. బేబి వంటింటి గడప దగ్గర మునగాకు దూస్తోంది. టీవీ గోలలో అత్తగారి గొంతు వినపడింది గాని మాట వినపడలేదు.

"ఆయ్," అంది. పెద్దవాళ్ల దగ్గర అవునన్నా అదే మాట, వింటున్నానన్నా అదే మాట.

వీరాయమ్మ గ్లాసు కింద పెట్టేసింది. బేబికి వినపడకుండా పోయిన ప్రశ్న, "ఇందులో ఏవన్నా కలిపేవా?" అని.

"వినపడక అన్నానండి. చెప్పండి అన్నట్టు అన్నానండి," అని బేబి కాళ్లావేళ్లా పడింది.

"నేనూ ఈ గోదారి నీళ్లే తాగేనమ్మా. ఆయ్ అంటే ఏంటో నాకు తెలీదా?"

మర్నాటినుంచి ఆవిడ పక్కింటి ఆదిలక్ష్మి పెట్టింది తింటోంది. అమలాపురం డాక్టరు రాసిన బీపీ బిళ్లలు ఇచ్చేది కూడా బేబే కాబట్టి అవీ మానేసింది. ముఖం ఉబ్బింది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి.

ఇక బేబికి మిగిలింది కువైట్‌లో ఉన్న భర్త అయ్యప్ప. పెళ్లిచూపుల్లో తను అన్నిటికీ ఆయ్ అంటుంటే, "ఈవిడకి ఇంకో మాట రాదేంటండీ," అని ఆటపట్టించింది అయ్యప్పే. అతనికి అర్థమవుతుంది.

శుక్రవారం ఫోను చేశాడు.

"అమ్మ అంతమాట అడిగితే ఆయ్ అని ఎందుకన్నావు?"

"వినపడలేదండి. మీకు తెలీదా?"

అతని వెనకనుంచి ఆ సీరియల్ పాటే సన్నగా వినిపిస్తోంది. అక్కడ రూములో వాళ్లంతా దాన్ని ఫోన్లో చూస్తారు.

"నిజంగా ఏం కలపలేదు కదా?" అన్నాడు మెల్లగా.

నోటిదాకా వచ్చిన ఆయ్‌ని బేబి మింగేసింది. "లేదండి," అంది. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది.

ఆ సాయంత్రం పాలు కాచి, అత్తగారి ఎదురుగా సగం వేరే గ్లాసులోకి వంచుకుని తాగింది.

"చూసేరు కదండి. ఇప్పుడైనా తాగి బిళ్ల వేసుకోండి."

వీరాయమ్మ గ్లాసుకేసి చూడలేదు, టీవీకేసి చెయ్యి చూపించింది. "నిన్న అది కూడా ముందు తనే తాగింది," అంది.

పాట మొదలైంది. బేబి వంటింట్లోకి వెళ్లలేదు. ఎన్నడూ లేనిది, అత్తగారి మంచం పక్కన నేలమీద చతికిలబడింది. రేపు తను ఏం చేస్తుందో ముందుగా తెలియాలంటే ఆ టీవీ కోడల్ని చూడక తప్పదు.