గంటా, కంచమా, పలకా?

నేను ఒక ఇత్తడి పళ్లేన్ని. అలాగని మీరు అనుకోవడమే గానీ, నాకు మాత్రం అంత నమ్మకం లేదు. ఎందుకంటే అజ్జరంలో నన్ను చేసిన వీరాచారి కొలిమిలో రెండు సామాన్లు వేశాడు. ఒకటి బీటలిచ్చిన గుడిగంట, రెండోది చిల్లుపడిన బిందె. రెండూ కరిగి నేనయ్యాను. అందుకే నాలో సగానికి ఎప్పుడూ మోగాలని ఉబలాటం. మిగతా సగంలోంచి విన్నది విన్నట్టే కారిపోతుంది. ఇంత వయసొచ్చినా ఈ మనుషులు నాకు అర్థం కాలేదంటే తప్పు ఆ బిందెది.

నన్ను మొదట కొన్నావిడ పేరు చిలకమ్మ. గోదారి లంకలో కాపురం. అవతలి గట్టున మేసే గేదెల్ని ఇవతలి గట్టు మీంచి ఒక్క కేకతో పిలిచేది. అవి ఈదుకుంటూ వచ్చేసేవి. ఒకసారి వాటి వెనకాల, సరంగు వద్దంటున్నా వినకుండా, ఓ పడవ కూడా వచ్చేసింది. నమ్మకపోతే ఆ సరంగునే అడగండి.

చిలకమ్మ ఇంట్లో కాగు దగ్గర్నుంచి ఉగ్గుగిన్నె దాకా అన్నిటి మీదా ఆవిడ మామగారి పేరే. ఓ రోజు నన్ను చంకన పెట్టుకుని, గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి దగ్గరికి వెళ్లింది.

"మీ ఆయన పేరు చెప్పమ్మా," అన్నాడు వాడు.

"ఇందులో తినేది నేను. ఆయన పేరెందుకు? చిలకమ్మ అని కొట్టు."

నా అంచు లోపలివైపు, చుక్కలు చుక్కలుగా, టకటకా పడిందా పేరు. మహా చక్కిలిగింతలు పెట్టింది లెండి.

ఆ తరవాత వరదొచ్చింది. నేను కొట్టుకుపోయాను. దారిలో ఓ పిల్లి నాలోకెక్కి, తోకతో తెడ్డేసుకుంటూ నరసాపురం దాకా వచ్చింది. దిగేటప్పుడు మాటవరసకైనా వెళ్లొస్తానని అనలేదు. చిలకమ్మ మాత్రం గట్టెక్కిందని, నాకోసం ఓ కేక వేసిందని నా నమ్మకం. గేదెనైతే వెళ్లేవాణ్ణి. నాకు ఈత రాదు.

అక్కడ నన్ను వలేసి పట్టిన జాలరి చేతినుంచి పాత ఇత్తడి కొట్టుకి, అక్కణ్ణుంచి కూర్మారావు ఇంటికి చేరాను. కూర్మారావు కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసేవాడు. కూతురు హైమ అన్నప్రాసనకి నన్ను కొన్నాడు. ఆ పిల్ల కాస్త ఎదిగాక, అన్నం పక్కకి నెట్టి, ఆ చుక్కల మీద వేలు పెట్టి చి, ల, క అని చదివేది. బడికి వెళ్లకముందే నా దగ్గర అక్షరాలు నేర్చుకుంది. దాంతో నేను కంచాన్నా, పలకనా అని కొత్త అనుమానం పట్టుకుంది.

అది తీరకముందే ఆ ఇంటికి టీవీ వచ్చింది. అందులో 'బుర్రకు పదును' అని ఓ క్విజ్. దాన్ని చూశాక నాకున్న కాస్త తెలివీ పోయింది. పెట్టెలో కళ్లజోడాయన ప్రశ్న వేస్తాడు. మంచం మీంచి కూర్మారావు జవాబు చెబుతాడు. ఆయనకి వినపడదు. వినపడదని ఈయనకీ తెలుసు. అయినా ఇంకాస్త గట్టిగా చెబుతాడు! పెట్టెలో కుర్రాడు తప్పు చెబితే ఈయనకి పండగ. ఒప్పు చెబితే, "అదే నేనూ అనబోయాను," అని మీసం దువ్వుతాడు. బహుమతి అక్కడివాడికి, గొంతునొప్పి ఇక్కడివాడికి. ఇందులో లాభం ఏమిటో మీకు తెలిస్తే నాక్కాస్త చెప్పండి.

ముందు నేనన్నానంటే నేనన్నానని ఇంట్లో రోజూ తగువే. విసిగిపోయిన కూర్మారావు భార్య సుభద్రమ్మ ఓ సాయంత్రం నన్ను బోర్లించి, పక్కన గరిటె పెట్టింది. "ముందు ఠంగుమనిపించినవాళ్లే చెప్పాలి. మిగతావాళ్లు నోరు మూసుకోవాలి." అంతే, నాలో ఉన్న గుడిగంట నిద్రలేచింది.

ఇలా ఉండగా హైమ పెళ్లై, పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. బారసాల నాటికి అల్లుడు శేషగిరి, వియ్యంకుడు త్రినాథం దిగారు. త్రినాథం బస్సు కండక్టరు చేసి రిటైరైన మనిషి. ఇంటికి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, "కాస్త లోపలికి జరగండి," అంటాడు.

బారసాలలో పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో తండ్రి పిల్ల పేరు రాస్తాడు. ఆ పళ్లెం నేనే. మరి రాయాల్సిన పేరేమిటి?

"ద్యుతిష్వి," అన్నాడు త్రినాథం. "మా సిద్ధాంతిగారు లెక్కకట్టి ఇచ్చారు." ఆ పేరుని ఆయనే మూడు రకాలుగా పలికాడు.

"మా అమ్మ పేరు, వెంకట సూర్య మహంకాళి," అన్నాడు కూర్మారావు.

"పిల్ల కంటే పేరే బరువండీ, బావగారూ."

"మీది పేరా, తుమ్మా, బావగారూ?"

హైమ గదిలోంచి, "నాన్నా, నేనొకటి అనుకున్నాను," అంది. "నువ్వుండవే, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాం," అన్నాడు కూర్మారావు. తొమ్మిది నెలలు మోసినావిడని వదిలేసి, ఎత్తుకోవడం కూడా సరిగ్గా రాని ఇద్దరు పంతాలకు పోవడం చూసి నాకు తల తిరిగింది. నాకు తల లేదు, అది వేరే సంగతి.

చివరికి త్రినాథమే అన్నాడు. "ఇంకాసేపట్లో క్విజ్ వస్తుంది కదా. గెలిచినవాళ్లదే పేరు. నిన్న రాత్రి వేసిందే మళ్లీ వేస్తారు. నేను బస్సులో ఉన్నాను, చూళ్లేదు."

"మాకు కరెంటు పోయింది. మేమూ చూళ్లేదు. సరే కానివ్వండి," అన్నాడు కూర్మారావు.

నన్ను మధ్యన బోర్లించారు. కళ్లజోడాయన మొదలెట్టాడు. "తన సంవత్సరం కంటే తన రోజే పొడుగ్గా ఉండే గ్రహం ఏది?"

వియ్యంకుడు దిగిన ఇంట్లో రోజులన్నీ అలాగే ఉంటాయని నేననుకుంటుండగానే త్రినాథం ఠంగుమనిపించాడు. "శుక్రుడు!" ఒప్పే. కూర్మారావు నోరు తెరిచాడు.

"పనామా కాలవలో ఓడలు దేనివల్ల ఎత్తుకి ఎక్కుతాయి?" త్రినాథం నోట్లో ఆ వేళకి పునుగు ఉంది. కూర్మారావు నా వీపు పగిలేలా కొట్టాడు. "లాకులు! లాకులండీ! అక్కడికి నన్ను పిలిస్తే ఓడల్ని ఒంటిచేత్తో ఎక్కించేవాణ్ణి!"

చెరొకటి అయింది. ఇక ఆఖరి ప్రశ్న. మనవరాలి జీవితకాలం పేరు ఆ గరిటె చివర వేలాడుతోంది. సుభద్రమ్మ కూడా పొయ్యి వదిలేసి వచ్చింది. కళ్లజోడాయన మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఇంకా నోరు తెరవలేదు.

ఠంగ్!

"ఆక్టోపస్!" అన్నాడు త్రినాథం.

అప్పుడు కళ్లజోడాయన తీరిగ్గా, "మూడు గుండెలుండే జీవి పేరు చెప్పండి," అన్నాడు.

"బావగారూ," అన్నాడు కూర్మారావు మెల్లిగా, "ఆయన అడక్కముందే చెప్పారే?"

"ఆయన మొహం చూసి కనిపెట్టానండీ. కండక్టరు ఉద్యోగంలో ఎవడు ఎక్కడ దిగుతాడో మొహం చూస్తే చెప్పేసేవాణ్ణి."

"నాన్నా," అన్నాడు అప్పటిదాకా మాట్లాడని శేషగిరి, "మనం వచ్చిన బస్సులో టీవీ ఉంది కదా?"

చూశారా, ఈయన బస్సులో ఉన్న మాటా నిజమే, చూసిన మాటా నిజమే. నాకిలాంటివే అర్థం కావు.

"ఆట చెల్లదు!" అని కూర్మారావు నన్ను పట్టుకున్నాడు. "ఎందుకు చెల్లదు?" అని త్రినాథం రెండో అంచు పట్టుకున్నాడు. "అన్నయ్యగారూ, నా కంచం విరిగిందంటే ఇద్దరికీ అరచేతుల్లో వడ్డిస్తాను," అని సుభద్రమ్మ అంటూనే ఉంది. నేను జారి, గచ్చు మీద అంచుల మీద గింగిరాలు తిరుగుతూ, పుట్టాక ఎన్నడూ మోగనంతగా మోగాను. పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది.

హైమ పిల్లనెత్తుకుని బయటికొచ్చింది. వంగి నన్ను తీసి, కొంగుతో తుడిచి, వెల్లకిలా పెట్టింది. "అమ్మా, బియ్యం తే. ముహూర్తం దాటిపోతోంది."

సుభద్రమ్మ బియ్యం పోసింది. శేషగిరి ఉంగరం పట్టుకున్నాడు. తండ్రి వంక చూశాడు, మామగారి వంక చూశాడు. ఇద్దరూ రెండు పేర్లూ ఒకేసారి అరిచారు. అప్పుడతను పెళ్లాం వైపు తిరిగాడు.

"హైమా, ఏం రాయమంటావు?"

అడగాల్సిన ప్రశ్న ఆ ఇంట్లో అడిగింది అతనొక్కడే.

హైమ అంచు దగ్గర బియ్యాన్ని వేలితో పక్కకి నెట్టింది. చుక్కలు బయటపడ్డాయి. "ఇదే. నేను చదివిన మొదటి పేరు."

ఉంగరం నా మీద పాకింది. చి, ల, క... ఈసారి చక్కిలిగింతలు పెట్టలేదు. బిందెలాగా కారిపోతానేమో అనిపించింది.

"చిలకమ్మా? ఎవరావిడ?" అన్నాడు త్రినాథం. "మీవాళ్లా?"

"మావాళ్లెవరూ కాదు. కొట్లో కొన్నప్పుడే ఉందా పేరు," అన్నాడు కూర్మారావు తల గోక్కుంటూ.

"ఊరేది? ఏం చేసేది? ఎవరో తెలియకుండా పేరు పెట్టేయడమేనా?"

చక్కటి ప్రశ్న. క్విజ్‌లో వచ్చిన వాటన్నిటికంటే కష్టమైనది. టీవీ కట్టేసి, ఇద్దరు వియ్యంకులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క దెబ్బ, ఒకే ఒక్క గరిటె దెబ్బ కోసం ఎదురుచూశాను. నన్నెవరూ కొట్టలేదు. గరిటె మంచం కింద పడి ఉంది.

అంతలో హైమ ఒళ్లో పిల్ల కాలు ఝాడించింది. మడమ నా అంచుకి తగిలింది.

ఠంగ్.

అందరూ నోళ్లు మూసుకుని పిల్ల వైపు తిరిగారు. ముందు కొట్టినవాళ్లే కదా చెప్పాలి! అది నోరు తెరిచి, గోదారి అవతలి గట్టుకి వినపడేలా ఒక్క కేక పెట్టింది.

సరైన జవాబు.