ఏడో కాగితం మీది మనిషి

నేను ఒక బొమ్మల కట్టను. పన్నెండు కాగితాలు, పన్నెండు ముఖాలు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీవాళ్ళకు చిక్కిన మన ఓడ కూలీల ముఖాలవి. చేత్తో రంగులద్దిన అరుదైన కట్టనని ఇప్పుడు నన్ను గాజు పెట్టెలో పెట్టారు. చూసేవాళ్ళు ఆ రంగులనే మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

ఖైదీల శిబిరానికి ఒక పెద్దమనిషి వచ్చి వీళ్ళను వరసగా కూర్చోబెట్టి గీశాడు. ముక్కుల పొడవు కొలిచాడు, నుదుళ్ళ వెడల్పు కొలిచాడు, పేర్లు మాత్రం అడగలేదు. గీసినవాటిని రాతి పలక మీంచి కాగితాల మీదికి అచ్చు తీయించి, రంగులు వేయడానికి ఒక ఇల్లాలికి ఇచ్చాడు. ఆమె మరీ శుభ్రమైన మనిషి. ఏడో కాగితం మీది మనిషి ముంజేతి మీద నల్లగా ఏదో అలుక్కుపోయి కనబడింది. సిరా మరక అనుకుని దాని మీద గోధుమరంగు దట్టంగా పూసేసింది. అది మరక కాదు, తేలు పచ్చబొట్టు.

యుద్ధం మూడో ఏట ఒక దయగల సంఘం నన్ను విశాఖ తీరంలోని ఒక చిన్న రేవుకు పంపింది. ఎవరైనా గుర్తుపడితే ఇంటి కబురు ఆ ఖైదీకి చేరుస్తారట. రేవు గుమాస్తా జోగారావు నన్ను పల్లెకు తెచ్చి చాప మీద పరిచాడు.

ఆ పల్లెలో అసిరమ్మ భర్త దాలయ్య ఓడలో బొగ్గు వేసే పనికి పోయి మూడేళ్ళయింది. ఉన్నాడో పోయాడో తెలియదు. తేలని చావు ఉన్న ఇంట్లో శుభకార్యం కూడదు కనుక అతని అన్న సూరప్పడి కూతురి పెళ్ళి ఆగిపోయింది. పన్నెండేళ్ళు ఎదురుచూడమని శాస్త్రం చెబుతుంది. పెళ్ళి తొందరలో ఉన్న కులపెద్దలు మూడేళ్ళకే సరిపెట్టేశారు. కర్మకు రోజు కూడా పెట్టుకున్నారు.

అసిరమ్మ ఏడో కాగితం ముందు కూలబడింది.

"ఆడే. మా మావే," అంది.

సూరప్పడు వంగి చూశాడు. ముఖం పోలింది, అతను గుర్తుపట్టాడని నాకు తెలుసు, చప్పున చూపు చేతి మీదికి తిప్పేశాడు. కానీ పచ్చబొట్టు మనిషితోపాటే పైలోకానికి పోతుందని నమ్మే ఊరది.

"సెయ్యి సూడు. తేలేదీ? మనిషి సచ్చినా పచ్చబొట్టు సావదు గదా. ఈడెవుడో మనోడు కాడు."

"ముకం సూడు బావా."

"ముకాలు శానామందికి కలుత్తాయి."

పెద్దలు తలలూపారు. నాకు పన్నెండు నోళ్ళున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. జోగారావు నన్ను చుట్టుకుని రేవు కచేరీకి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే గడ్డిబొమ్మకు దాలయ్య పేరు పెట్టి తగలబెట్టారని, అసిరమ్మ గాజులు పగలగొట్టి బొట్టు చెరిపారని అక్కడ చెప్పుకుంటుంటే విన్నాను. తర్వాతి నెలలో పెళ్ళి భోజనాలు బాగా జరిగాయట.

యుద్ధం ముగిశాక దాలయ్య ఓడ దిగాడు. కర్మ అయిపోయినవాణ్ణి ఇంట్లోకి ఎలా రానిస్తారు? కర్మనాటికి శిబిరంలో బతికే ఉన్నాడని పెద్దలకు సాక్ష్యం కావాలని అన్న అతన్నీ అసిరమ్మనూ కచేరీకి తీసుకొచ్చాడు. గీసినాయన తన తేలును కూడా గీశాడని దాలయ్య చెప్పాడు. జోగారావు నన్ను విప్పి, బొటనవేలు తడి చేసుకుని ఏడో కాగితం మీది చేతిని రుద్దాడు. రంగు ఊడింది. తేలు బయటపడింది. దాలయ్య తన చెయ్యి చాపి పక్కనే పెట్టాడు.

"ఇక అనుమానం నేదు," అన్నాడు సూరప్పడు. "కొత్తగా పుట్టినట్టు పేరెట్టి, మళ్ళీ తాళి కట్టించేద్దుం."

అసిరమ్మ కాగితం వైపు చూడనే లేదు.

"నాను ముకం సూసి సెప్పినప్పుడు నా మాట మీకు పనికిరానేదు బావా. ఇప్పుడు తేలు సెప్పిందని నాను తాళి కట్టించుకోను."

"ఇందులో నా తప్పేటే అసిరీ?" అన్నాడు దాలయ్య.

"నీ తప్పు నేదు మావా. నువ్వు బతికున్నావు, నాకదే సాలు. ఆళ్ళ సేతుల మీదుగా మాత్రం నాకు ఏ బొట్టూ వద్దు."

ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది. దాలయ్య చాపిన చెయ్యి అలాగే ఉంచి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు.

జోగారావుకు పని మిగిలే ఉంది. ఏడో కాగితం వెనక 'గుర్తుపట్టినవారు' అని రాసి, దాని ఎదురుగా సూరప్పడి పేరు పెట్టి వేలిముద్ర వేయించుకున్నాడు. ఇంటి మగవాడు ఎదురుగా ఉండగా ఆడమనిషి పేరు రాయడం పద్ధతి కాదట.